పదిలో ఒక వంతు

ఆ మధ్యాహ్నం మా ఆయనకు అందకుండా పోయిన మాట 'గరిటె'. కూర వేసుకోబోతూ చెయ్యి గాల్లో ఆపి, "అదివ్వు" అన్నారు.

"ఏదండీ?"

"అదే. దీన్ని... ఇలా చేసేది." చేత్తో తోడుతున్నట్టు చూపించారు.

గరిటె గిన్నె పక్కనే ఉంది. తీసి ఇచ్చాను. దాన్ని ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ జరగనట్టు కూర వేసుకున్నారు. నేనూ ఏమీ చూడనట్టు గ్లాసులో నీళ్లు పోశాను.

చెయ్యి కడుక్కుని రాగానే ఫోను తీసుకుని, ఆస్పత్రిలో మూడు సర్వర్ల మధ్య పనిని ఎలా పంచాలో అవతలివాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. కంచాలు తీస్తూ విన్నాను. ఎక్కడా తడుముకోలేదు. ఒక్క మాట జారలేదు.

అదీ ఈ జబ్బు తీరు. చిన్న చిన్నవి ముందు రాలిపోతాయనీ, చేతికి అలవాటైపోయిన పని ఇంకొంతకాలం నిలుస్తుందనీ డాక్టరమ్మ ముందే చెప్పారు. ఎంతకాలమని అడిగితే, ఒక్కొక్కరిది ఒక్కో తీరు అన్నారు. జబ్బుకు నోరు తిరగని పేరొకటి ఉంది. ఇంట్లో మేము దాన్ని 'అది' అనే అంటాం. "ఇవాళ అది వచ్చిందా?" అని మా అమ్మాయి ఫోనులో అడుగుతుంది, ఇంటికి వచ్చిపోయే చుట్టాన్ని గురించి అడిగినట్టు.

మా ఆయన ఒక పెద్ద ఆస్పత్రిలో నెట్‌వర్కు విభాగానికి పెద్ద. ఉద్యోగం వదిలెయ్యడానికి తనే ఒప్పుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక్కటే కోరారు: తాను ఏడాదిగా కడుతూ వచ్చిన కొత్త పద్ధతిని తన చేతులతోనే మొదలుపెట్టి, ఆ తర్వాత వెళ్తానని. సూపరింటెండెంటు కాదనలేదు. ఓపీ ఉండని ఒక ఆదివారం పొద్దుటిని అందుకు ఖాయం చేసి, అప్పటిదాకా ఇంటి నుంచే పని చూడమన్నారు.

"ఆ ఒక్కటీ అయిపోనివ్వు," అన్నారు నాతో. "ఆ తర్వాత నన్ను ఇంట్లో కూర్చోబెడతావో, పార్కులో కూర్చోబెడతావో నీ ఇష్టం."

రోగుల వివరాలూ, ఎక్స్‌రేలూ, స్కాన్ బొమ్మలూ ఆస్పత్రిలో మూడు సర్వర్లలో ఉంటాయి. మూడింటిలోనూ ఒకటే సరుకు. కానీ పొద్దున్నే ఓపీ తెరవగానే అన్ని గదుల కంప్యూటర్లూ అలవాటు కొద్దీ మొదటిదాని మీదే పడతాయి. దానికి ఊపిరి ఆడదు. మిగతా రెండూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. కింద కౌంటరు దగ్గర జనం లైను గేటు దాటి రోడ్డెక్కుతుంది. వచ్చిన పనిని మూడింటికీ సమానంగా పంచే ఏర్పాటే మా ఆయన కడుతున్నది.

దానికోసం మా భోజనాల బల్ల సగం ఆయనదైపోయింది. గ్లాసుల అర ఖాళీ చేయించి, అందులో పుస్తకమంత పెట్టెలు మూడు వరసగా పెట్టారు. ఆస్పత్రి సర్వర్లకు అవి ఇంటి నమూనాలు. మూడింటికీ ముందు చిన్న పచ్చ దీపాలు. రోజూ వాటి మీద దుమ్ము తుడిచేదాన్ని. తీగ కాస్త కదిలినా ఆయనకు పక్కగదిలోంచే వినపడేది.

"ఇదివరకు దారిలో కంప్యూటర్ల తీగలు కలిసే ప్రతి స్విచ్చీ తనకు తోచింది తను చేసేది," అని ఒక సాయంత్రం నాకు విడమరిచి చెప్పారు. "ఇప్పుడు వాటికి సొంత బుర్ర తీసేశాం. పైన ఒక కంట్రోలర్ కూర్చుని ఎవరెటు పోవాలో చెప్తుంది. స్విచ్చు నోరు మూసుకుని చేస్తుంది. తెలియనిది ఏదైనా వస్తే, పట్టుకెళ్లి కంట్రోలర్‌నే అడుగుతుంది."

"మన ఇంట్లో పెళ్లయిన దగ్గర్నుంచీ అదేగా పద్ధతి?"

"అక్కణ్ణుంచే కాపీ కొట్టా," అన్నారు. "నువ్వు కేసు వెయ్యకపోతే చాలు."

నేను డిగ్రీలో లెక్కలు చదివాను. ఆయన చెప్పేది బొత్తిగా బోధపడని మనిషిని కాదు. పైగా ఆయనకు చేసే ప్రతి పనినీ పైకి చదువుకుంటూ చేసే అలవాటు. నేను కూర తరుగుతుంటే వెనక నుంచి అంచెలన్నీ వరసగా వినిపించేవి. ఆ ఏడాదిలో నాకవి కంఠతా వచ్చేశాయి.

ఆఫీసులో ఆయన తర్వాత పని తెలిసిన మనిషి ఒకామె ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. చేరిన వారంలోనే మా ఆయన ఆమెకు 'గలగల' అని పేరు పెట్టేశారు. సూపరింటెండెంటుతో సహా అందరికీ ఇప్పుడు ఆమె గలగలే. ఆయన్ను సార్ అంటుంది, నన్ను అక్కా అంటుంది.

ఒక రోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నా ఫోనుకు చేసింది. ఎప్పుడూ ఆయనకే చేసే మనిషి.

"అక్కా, సార్ పక్కనున్నారా?"

"లేరు. చెప్పు."

ఈసారి గలగలమనలేదు. నిన్న ఆయన కేబుల్ పని మీద మనిషిని పిల్లల వార్డుకు పంపబోయి, ఎక్కడో వెనకున్న వంటశాల బ్లాకుకు పంపించారట. ఆ మనిషి నిచ్చెన మోసుకుని అంత దూరం పోయి, తిట్టుకుంటూ తిరిగొచ్చాడట. స్టోరు గుమస్తా అందరి ముందూ, "సారుకి చత్వారం కళ్లకి కాదు, బుర్రకొచ్చింది" అన్నాడట.

"నేను వాడికి గడ్డి పెట్టాననుకో అక్కా. కానీ ఎంతమంది నోళ్లు మూయించను? ఆదివారం దాకా సార్ ఎవరితోనూ మాట పడకుండా చూసుకోవాలి. పై పనులన్నీ నా దగ్గరికి తిప్పుకుంటా. ఎవరు ఫోన్ చేసినా ముందు నాకే చెయ్యమంటా. సార్ దగ్గర ఇప్పటికే ఉన్నవి మాత్రం సార్ పూర్తి చేసుకుంటారు. ఏమంటావ్?"

నాకు ఆ గుమస్తా మాటే చెవిలో తిరుగుతోంది. మంచిదన్నాను. ఇంట్లో నేనూ అదే పని చేశాను. గ్యాసు చెప్పడం, కరెంటాఫీసుకు ఫోను చెయ్యడం, పైన అద్దెకున్నవాళ్ల కుళాయి గొడవలు, అన్నీ ఒక్కొక్కటే ఆయన చేతిలోంచి తీసుకున్నాను. లాక్కోలేదు, జాగ్రత్తగానే తీసుకున్నాను. "మీరు పనిలో ఉన్నారు కదా, నేను చూస్తాలెండి" అనేదాన్ని. అమ్మాయికి కూడా చెప్పాను. ఆమె వేరే ఊళ్లో కాపురం ఉంటోంది. నెట్ రాకపోయినా, ఫ్యాను తిరగకపోయినా, అల్లుడు అలిగినా మొదట నాన్నకే ఫోను చేసే పిల్ల. ఇప్పుడు నాకు చెయ్యడం మొదలుపెట్టింది.

ఫోను మోగడం తగ్గిపోయింది.

మొదట్లో ఆయన సంతోషించారు. "హమ్మయ్య, కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చారు" అన్నారు. తర్వాత ఫోను తీసి చార్జింగు ఉందో లేదో చూసుకోసాగారు. ఒకసారి నన్ను పక్కగదిలోంచి తన నంబరుకు చెయ్యమని, మోగుతోందో లేదో సరిచూసుకున్నారు. మోగింది. "బానే ఉంది" అని బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఇవాళ నన్నెవరూ అడగలేదేంటి?"

"అంతా సవ్యంగా ఉందేమోనండీ."

"అంతా సవ్యంగా ఉన్న రోజున కూడా నలుగురైనా చేసేవాళ్లు. సార్, మౌస్ కదలట్లేదు సార్ అని."

నేను బట్టలు మడతపెట్టే పనిలో పడిపోయాను.

ఆ మర్నాడు సాయంత్రం టీ తీసుకెళ్తే, "కూర్చో, ఒకటి చూపిస్తా" అన్నారు. లాప్‌టాప్ తెర మీద పెట్టెకొకటి చొప్పున మూడు గీతలు పాకుతున్నాయి. రెండు పైకీ కిందికీ ఊగుతున్నాయి. మూడోది నేల మీద పడుకున్నట్టు తిన్నగా ఉంది.

"ఆ అరలో చివరి పెట్టె చూడు. దీపం ఏ రంగు?"

"పచ్చ."

"అంటే బతికే ఉంది. కంట్రోలర్ దాన్ని మాటిమాటికీ అడుగుతుంది, ఉన్నావా అని. ఉన్నానంటుంది. మళ్లీ అడుగుతుంది. ఉన్నానంటుంది. పని మాత్రం ఒక్కటీ ఇవ్వదు. ఎందుకో చెప్పు?"

"పాడైందేమో."

"పాడైతే ఎర్ర దీపం వస్తుంది. ఇది వేరే. మెషీన్ని తీసెయ్యాలనుకున్నప్పుడు ఠక్కున తీసెయ్యకూడదు. దాని దగ్గర సగంలో ఉన్న పనులు చెడిపోతాయి. అందుకని కొత్త పని పంపడం ఆపేస్తాం. చేతిలో ఉన్నవి మెల్లిగా పూర్తి చేసుకుంటుంది. సాయంత్రం సెలూన్‌వాడు షట్టర్ సగం దించుతాడే, అలాగ. లోపలున్నవాళ్లకి పని అవుతుంది, బయటివాళ్లు ఇంకో షాపుకి పోతారు. కాసేపటికి షాపు ఖాళీ. అప్పుడు తీగ పీకేస్తాం. ఎవరికీ తెలియదు. మా భాషలో డ్రెయిన్ అంటారు దీన్ని."

టీ గ్లాసు అందుకున్నారు కానీ తాగలేదు.

"నాకెప్పుడు పెట్టారు ఇది?"

నేను చెంగుతో బల్ల మీద లేని మరక తుడిచాను.

"నువ్వొక్కదానివేనా, గలగల కూడానా? గలగలే అయ్యుంటుంది. నేనే నేర్పా దానికి. బాగా నేర్చుకుంది." నవ్వబోయారు, నవ్వు రాలేదు. "మన చిట్టితల్లి కూడా ఉందా ఇందులో?"

"ఉంది," అన్నాను. "అందరం ఉన్నాం. మీ మీద ఎవరో ఒక మాట అన్నారు. ఇంకొకరు అనకూడదని చేశాం."

"ఏమన్నారు?"

చెప్పాను. గుమస్తా మాట ఉన్నదున్నట్టు చెప్పాను. దాన్ని మెత్తగా చెయ్యడానికి నాకప్పుడు ఓపిక లేకపోయింది.

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "బాగానే అన్నాడు వెధవ," అన్నారు చివరికి. "నవ్వితే నవ్వనీ. నేను తప్పు చేస్తే నిచ్చెన మోసుకెళ్లినవాడు తిట్టుకుంటాడు, నాకు సిగ్గేస్తుంది, రెండోసారి జాగ్రత్తపడతా. మీరు చేసిన పనికి నాకు సిగ్గు కూడా మిగల్లేదు. పొద్దున లేస్తే ఎవరూ ఏమీ అడగరు. ఉన్నావా అంటే ఉన్నాననడానికా నేను?"

టీ మీద మీగడ కట్టింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి వేడిచేసి తెచ్చాను. ఆ కాస్త సేపూ వంటింట్లో ఉండడం నాకు అవసరమైంది.

తిరిగి వచ్చేసరికి ఆయన గొంతు మామూలైంది. పని మాట్లాడేటప్పటి గొంతు.

"చూడు. మెషీన్ బలహీనపడితే మొత్తం ఆపక్కర్లేదు. దాని వంతు తగ్గించవచ్చు. పదిలో మూడిచ్చేచోట ఒకటివ్వొచ్చు. నాకు పదిలో ఒకటి పంపండి. ఆ ఒక్కటీ నిజం పని అయ్యుండాలి. ఉత్తుత్తిది పంపితే నాకు తెలిసిపోతుంది. ఇంకోటి. ఆదివారం నా పనిలో ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ఎవరూ నోరు కూడా పెట్టొద్దు. నువ్వూ, గలగలా."

"సరే," అన్నాను.

అలా పదిలో ఒక వంతు మొదలైంది. మొదటి రోజే పైన అద్దెకున్నవాళ్ల కుళాయి పని ఆయనకిచ్చాను. ప్లంబరును పిలిచి, ఎదురింటి తలుపు కొట్టించారు. ప్లంబరు అక్కడ బాగానే ఉన్న కుళాయినొకదాన్ని విప్పి బాగుచేసి పోయాడు. ఎదురింటావిడ మా గుమ్మంలోకొచ్చి, "ఏమమ్మా, మీవారు మా ఇల్లు కూడా చూసుకుంటానన్నారా ఏంటి?" అంది. ఆయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకు ఆ ఇంట్లో ఇద్దరం కలిసి నవ్వాం.

అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, మాకు నెట్ రావట్లేదు, ఏం చెయ్యాలి?"

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక్కొక్కటే అడిగారు. పెట్టె మీద ఏ దీపం వెలుగుతోంది, తీగ గట్టిగా ఉందా, ఆపి మళ్లీ పెట్టావా. మధ్యలో రెండుసార్లు అడిగిందే అడిగారు. అమ్మాయి రెండుసార్లూ చెప్పింది. చివరికి ఆయన అన్నారు, "చిట్టితల్లీ, నీకు నెట్ పోలేదు కదూ?"

"పోయింది నాన్నా," అంది అమ్మాయి గొంతు తగ్గించి.

"నెట్ లేనివాళ్లు ఇంత ఓపిగ్గా మాట్లాడరమ్మా. కొట్టుకు చస్తారు."

"నాన్నా..." అని ఏడ్చింది పిల్ల. ఆయన, "సర్లే, నిజంగా పోయినప్పుడు చెయ్యి" అని ఫోను నాకిచ్చి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

గలగల మాత్రం నిజం పనే పంపింది. కొన్ని సరిగ్గా చేశారు, కొన్ని చెయ్యలేకపోయారు. చెయ్యలేనివి ఆమె వెనకాల సర్దుకుంది. ఆ సంగతి ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆదివారం దగ్గరపడేకొద్దీ ఆయన తన అంచెలను పొద్దున్నా సాయంత్రమూ పైకి చదువుకోసాగారు. అన్నిసార్లూ చివరిదాకా వచ్చాయి. వంటింట్లోంచి వింటూ, ఆఖరిది వచ్చాక నేను ఊపిరి వదిలేదాన్ని.

ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు. అన్నేళ్లలో ఆయన పనిచేసే గదిలోకి నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. సర్వర్ల గదికి ఆనుకుని చిన్న గది. మధ్యలో అద్దం. అద్దం అవతల నల్ల బీరువాల్లాంటివి వరసగా నిలబడి హోరుమంటున్నాయి. చలి ఎముకల్లోకి దిగుతోంది. గలగల తన స్వెట్టరు నా భుజాల మీద వేసి, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. ఆయన నీలం గళ్ల చొక్కా వేసుకున్నారు. ఇస్త్రీ నేనే చేశాను. కాలరు దగ్గర ఒక మడత మిగిలిపోయిందని ఇప్పుడు కనిపించింది.

గోడ మీద పెద్ద తెరలో సర్వరుకొకటి చొప్పున మూడు గీతలున్నాయి. ఒకటి బాగా పైన, రెండు నేల మీద. ఆ మూడూ ఒక ఎత్తుకు రావాలి.

ఓపీ లేదు కానీ ఎమర్జెన్సీ నడుస్తోంది. ఒక అరగంట బొమ్మలు రావని అక్కడి డాక్టరుకు ముందే చెప్పి ఉంచారు. కింద కౌంటరు గుమస్తా ఫోను స్పీకరు మీద ఉన్నాడు, తెరిచి చూసి చెప్పడానికి.

"మొదలుపెడదామా?" అన్నారు ఆయన. ఆ గొంతు నేను పెళ్లిచేసుకున్న మనిషిది.

ఒక్కొక్కటే పైకి చదువుతూ చేసుకుపోయారు. ఆస్పత్రిలో ప్రతి కంప్యూటరూ ఇకమీదట సర్వర్లను విడివిడిగా అడగదు. మూడింటికీ కలిపి పెట్టిన ఒకే ఉమ్మడి చిరునామాను అడుగుతుంది. అది అయింది. అలా వచ్చిన ప్రతి పనికీ ఎవరు ఖాళీగా ఉన్నారో కంట్రోలర్ చూసి చెప్తుంది. స్విచ్చు ఆ సర్వరు చిరునామా అతికించి అటు పంపుతుంది. అదీ అయింది. గలగల పక్క కుర్చీలో కూర్చుని, ప్రతిదానికీ, "ఊఁ సార్" అంటోంది.

"కౌంటరూ, ఇప్పుడొక ఎక్స్‌రే తెరవండి."

"తెరుస్తున్నా సార్. తిరుగుతోంది." కాసేపాగి, "తిరుగుతూనే ఉంది సార్."

"సర్వరు దాకా వెళ్తోందా?"

"వెళ్తోంది సార్," అంది గలగల. "సర్వరు జవాబు కూడా ఇస్తోంది."

"ఇస్తే మరి వీళ్లకెందుకు అందట్లేదు?"

ఇంకొక్క అంచె మిగిలి ఉంది. తిరుగు దారి. సర్వరు తన జవాబును సొంత చిరునామాతో పంపుతుంది. అడిగిన కంప్యూటరుకు ఆ చిరునామా తెలియదు, తాను అడిగింది ఉమ్మడి చిరునామాను. ఎవరో పరాయివాళ్లు మాట్లాడుతున్నారని ఆ జవాబును పక్కన పారేస్తుంది. అందుకని దారిలో స్విచ్చు సర్వరు చిరునామా తీసి, మళ్లీ ఉమ్మడిదే పెట్టాలి. రెండు వాక్యాల పని. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆయన మొదట నేర్పేది ఇదే. నిన్న సాయంత్రం కూడా పైకి చదివారు, నేను విన్నాను.

"తర్వాతది..." అన్నారు. వేళ్లు మీటల మీద ఆగాయి. "తర్వాత... ఇది వెళ్లాక..."

తెరను పైనుంచి కిందిదాకా చదివారు. మళ్లీ పైకి వెళ్లారు. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. గలగల తన మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. తల తిప్పి నా వైపు చూసింది. ఆమెకు తెలుసు. నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను. మాటిచ్చాం.

ఫోను మోగింది. ఎమర్జెన్సీ డాక్టరు. "ఇంకా ఎంతసేపు? ముసలావిడ చెయ్యి విరిగి వచ్చింది. తీసిన ఎక్స్‌రే నాకు కనపడట్లేదు."

"ఐదు నిమిషాలండీ," అంది గలగల.

అద్దం అవతల హోరు తప్ప ఏమీ వినపడలేదు. నా పెదవుల చివరే ఉంది ఆ మాట. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. వస్తుంది, ఇప్పుడొస్తుంది, నిన్న వచ్చింది కదా. ఆయన కుడిచెయ్యి లేచి గాల్లో చిన్న గుండ్రం తిప్పింది. అక్కడే ఆగింది.

ఫోను మళ్లీ మోగింది. గలగల గొంతు తగ్గించి మాట్లాడబోయింది.

"ఎవరు?" అన్నారు ఆయన.

"ఎమర్జెన్సీ సార్. ఎవరో పెద్దావిడ. చెయ్యి విరిగిందట. ఎక్స్‌రే కోసం చూస్తున్నారు."

ఆయన రెండో చెయ్యి కూడా మీటల మీద నుంచి తీశారు.

"గలగలా, నాకు రావట్లేదమ్మా. నువ్వు కానీ."

"సార్, ఇంకొక్క నిమిషం. వచ్చేస్తుంది సార్. నిన్న కూడా చెప్పారు కదా."

"అక్కడ ఆవిడ నొప్పితో కూర్చుంటే, ఇక్కడ నేను పరీక్ష రాస్తూ కూర్చోనా? లే. ఇటు రా."

ఇద్దరూ కుర్చీలు మారారు. గలగల టకటకా కొట్టింది. అంత త్వరగా అయిపోవడమే నాకు కష్టమనిపించింది. కొట్టి, పంపించే ముందు ఆగి, "చూడండి సార్, సరిగ్గా ఉందా?" అంది.

ఆయన ముందుకు వంగారు. నేను పక్కనుంచి చూస్తున్నాను. ఆయన చూపు తెర మీద లేదు. గలగల మొహం మీద ఉంది. ఆ మొహంలో ఏం కనబడిందో, "సరిగ్గానే ఉంది" అన్నారు.

"వచ్చింది సార్!" అని కింద కౌంటరు గుమస్తా అరిచాడు. "బొమ్మొచ్చింది! ఇదిగో, ఇంకోటి కూడా. ఎంత ఫాస్టుగా వస్తున్నాయి సార్!"

గోడ మీద మొదటి గీత మెల్లిగా దిగింది. కింది రెండూ లేచాయి. మూడూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పాకసాగాయి. సూపరింటెండెంటు ఫోను చేసి అభినందించారు. మా ఆయన "మా గలగల చేసింది సార్" అన్నారు. గలగల నీళ్ల సీసా మూత తిప్పుతూ గోడ వైపు తిరిగి నిలబడింది.

మెట్ల దగ్గర ఆయన ఆగి, "ఆ మిగిలింది ఏంటి?" అని అడిగారు.

"తిరుగు దారండీ. జవాబు మీద సర్వరు చిరునామా తీసి ఉమ్మడిది పెట్టడం."

"ఆఁ." రెండు మెట్లు దిగారు. "అప్పుడు నీకు తెలుసా అది?"

"తెలుసు."

"గలగలకి ఎలాగూ తెలుసు. మరి ఇద్దరూ అలా చూస్తూ కూర్చున్నారేం?"

"మీరే కదండీ, ఎవరూ నోరు పెట్టొద్దన్నది."

"అన్నాను." రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. కింద నుంచి వీల్‌చెయిర్ చక్రాల చప్పుడు వస్తోంది. "ఆవిడ అంతసేపూ కూర్చుంది పాపం. అది లెక్కలోకి రాలేదు నాకు." మళ్లీ ఒక మెట్టు దిగారు. "ఇకమీదట అలా చూస్తూ కూర్చోకు. నేనెక్కడైనా ఆగితే, చెప్పెయ్."

"అన్నింటికీనా?" అన్నాను. కాదంటారని ఆశపడ్డాను. ఒకటి తనకు ఉంచుకుంటారనుకున్నాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. "అన్నింటికీ," అన్నారు.

బస్‌స్టాపులో ఎండగా ఉంది. ఆదివారం కావడంతో జనం పలచగా ఉన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన ఎక్కే బస్సే వచ్చి ఆగింది. బరువైన సంచితో ఉన్న ఒకాయన గబగబా వచ్చి, మమ్మల్ని చూసి, "ఏమండీ, ఇది స్టేషన్ మీదుగా వెళ్తుందా?" అని మా ఆయన్ను అడిగాడు.

మా ఆయన నోరు తెరిచారు. బస్సు నంబరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"వెళ్తుందండీ, ఎక్కండి," అన్నాను.

మా ఆయన తల ఊపారు, తాను చెప్పబోయిందీ అదేనన్నట్టు.